లకుమ నుంచి విశ్వంభర దాకా

సినారెగా పిలిచే సింగిరెడ్డి నారాయణరెడ్డి పేరెత్తగానే ఆయన్ని రెండు ముక్కలు చేసి చూపించడం మనకు అలవాటైపోయింది. ఒక సినారె 1950ల నాటివాడు. రాజులు, నర్తకులు, శిల్పులు, మువ్వల చప్పుడు, అంతా పాట. ‘నాగార్జునసాగరం’, ‘కర్పూర వసంతరాయలు’, ‘విశ్వనాథనాయకుడు’ ఆయన రాసినవి. రెండో సినారె 1970 తర్వాతివాడు. మనిషి, మట్టి, మంట, చైతన్యం, అంతా వచనం. ‘మంటలూ మానవుడూ’, ‘భూమిక’, ‘విశ్వంభర’ ఈయనవి. మొదటాయన భావకవిత్వం చివరి మెట్టు మీద నిలబడ్డ గేయకవి, రెండో ఆయన ఆధునిక వచనకవి. మధ్యలో ఎక్కడో ఛందస్సు సంకెళ్ళు తెగాయి, కవి ఎదిగాడు అన్నది కథ. పోటీ పరీక్షల గైడ్లలోనూ, సంస్మరణ సభల్లోనూ వినిపించేది ఇదే. వినడానికి సుఖంగా ఉన్న ఈ కథ, ఆ పుస్తకాలను పైకి చదవడం మొదలుపెడితే నిలవదు. తొలి కావ్యాలను నడిపించిన చెవే మలి కావ్యాలనూ నడిపించింది. మారింది వేరొకటి. అదేమిటో తెలియాలంటే ముందు ఆ చెవి ఎక్కడ తయారైందో చూడాలి.

1931 జులై 29న ఆయన పుట్టిన హనుమాజీపేట అప్పట్లో కరీంనగర్ జిల్లా, ఇప్పుడు రాజన్న సిరిసిల్ల జిల్లా. వేములవాడ పక్క పల్లె. రైతు కుటుంబం. నిజాం పాలన కనుక బడిలో భాష ఉర్దూ. సిరిసిల్ల, కరీంనగర్ చదువులు ఉర్దూ మాధ్యమంలోనే సాగాయి. తెలుగును ప్రధానంగా పట్టుకున్నది ఉస్మానియాలో ఎమ్మేకి వచ్చాక. అది 1954లో పూర్తయింది. అంటే తెలుగు పద్యం పుస్తకంలోంచి ఆయన్ని చేరేలోపే తెలుగు పాట చెవిలోంచి చేరింది. చిన్ననాట విన్న హరికథలు, జంగం కథలు, జానపద గేయాలు తనను కవిత్వం వైపు లాగాయని ఆయనే చెప్పుకున్నారు. ఈ కథలు నడిచే తీరు గమనించదగ్గది. జంగం కథైనా, ఆ ప్రాంతపు ఒగ్గు కథైనా, కథకుడు పాట పాడతాడు, ఆపి మాట చెబుతాడు, మళ్ళీ పాటెత్తుకుంటాడు. మాట చెబుతున్నప్పుడు రాగం ఆగుతుంది కానీ తూగు ఆగదు. పక్కన వంతలు ఊకొడుతుంటారు. మాట ఎక్కడ విరగాలో, ఎక్కడ సాగాలో ఆ ఊకొట్టుడే చాలావరకు తేలుస్తుంది. డోలు దరువు తిరిగి అందుకోవడానికి వీలుగా వాక్యం ముగుస్తుంది. పాట ఒక ఒడ్డు, వచనం ఇంకో ఒడ్డు అన్న విభజన పుస్తకాల వాళ్ళది. కథ చెప్పేవాడికి రెండూ ఒకే ఊపిరిలో వస్తాయి.

ఈ విషయంలో ఆ జిల్లాకు ఇంకో పాత గౌరవం కూడా ఉంది. గంగాధర దగ్గర కురిక్యాల బొమ్మలగుట్ట మీద పదో శతాబ్దపు శాసనం ఒకటి ఉంది. వేములవాడ చాళుక్యరాజు రెండో అరికేసరి ఆస్థానంలో ఉన్న కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు జినవల్లభుడు వేయించినది. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ అందులో ఉన్నాయి. తెలుగులో ఉన్నవి మూడు కంద పద్యాలు. మనకు తెలిసిన తెలుగు కందాల్లో అవే మొదటివి. ఉత్పలమాల, చంపకమాలల్లో ఏ స్థానంలో గురువు రావాలో, ఏ స్థానంలో లఘువు రావాలో ముందే బిగించి ఉంటుంది. కందానికి ఆ బిగింపు తక్కువ. నాలుగేసి మాత్రల గణాలు లెక్కపెట్టుకుంటూ పోవాలి. మొదటి పాదానికి మూడు, రెండో పాదానికి ఐదు, మళ్ళీ మూడు, మళ్ళీ ఐదు. సినారె తొలి కావ్యాలకు ఆధారమైన సూత్రం కూడా ఈ మాత్రల లెక్కే. ఆయన ఆ గుట్ట ఎక్కి చదువుకుని కవి అయ్యాడని నేను అనడం లేదు. మాత్రల మీద నడిచే తూగు ఆ నేలకు కొత్త కాదని మాత్రమే అంటున్నాను.

మాత్రల లెక్క తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. పొట్టి అక్షరం పలకడానికి పట్టే సమయం ఒక మాత్ర, దీర్ఘానికి, సంయుక్తాక్షరం ముందున్న అక్షరానికి, సున్నతో ఉన్న అక్షరానికి రెండు. ఈ మాత్రలను ఎన్నేసి చొప్పున గుత్తి కడతామన్న దాన్ని బట్టి నడక మారుతుంది. మూడేసి అయితే తకిట, నాలుగేసి అయితే తకధిమి, ఐదేసి అయితే తకతకిట, మూడూ నాలుగూ కలిపితే తకిట తకధిమి. గురజాడ 1910లో ‘ముత్యాల సరములు’ రాసినప్పుడు ఎంచుకున్నది ఈ చివరి నడకనే. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’లో ఈ నడకలతో కవాతు చేయించాడు. యువకుడు సినారె చేతికి వచ్చిన సరుకు ఇది. దీంతో ఆయన చేసిన కొత్త పని, చిన్న గేయానికి పనికొచ్చే ఈ నడకలను ఒక పొడుగాటి కథా కావ్యాన్ని మోయగలిగేలా పెంచడం. పది చరణాల పాటకు ఒకే నడక సరిపోతుంది. వందల పాదాల కావ్యమంతా ఒకే నడకలో సాగితే వినేవాడికి కునుకు పడుతుంది. అందుకే సినారె సన్నివేశాన్ని బట్టి నడక మారుస్తాడు. వర్ణన ఒక గతిలో నింపాదిగా వెళ్తుంది, సంఘర్షణ దగ్గర గుత్తి కురచనవుతుంది, కథ మలుపు తిరిగేచోట తాళమే మారుతుంది. ఏ మలుపులో ఏ గతి వాడాలన్నది ఛందోగ్రంథంలో దొరికే సంగతి కాదు. కథకుడి దగ్గర నేర్చుకోవాల్సిందే.

ఆ మూడు కావ్యాల కథలు కూడా పక్కపక్కన పెట్టి చూడాలి. 1955 నాటి ‘నాగార్జునసాగరం’లో ఇక్ష్వాకుల విజయపురి, పద్మదేవుడనే శిల్పి, శాంతిశ్రీ అనే యువతి, ప్రేమకూ బౌద్ధ సన్యాసానికీ మధ్య నలిగిపోయిన జంట. ఆ ఏడాది డిసెంబర్ 10న నెహ్రూ అక్కడే ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. నీళ్ళలో మునగబోతున్న ఊరి మీద కావ్యం అన్నమాట. 1957 నాటి ‘కర్పూర వసంతరాయలు’ కొండవీటి రెడ్డిరాజు కుమారగిరి కథ. వసంతోత్సవాల్లో కర్పూరం వెదజల్లించిన ఆ రాజు లకుమ అనే నర్తకి మోహంలో రాజ్యాన్ని మరిచిపోతాడు. రాజ్యం నిలబడటానికి లకుమ తన ప్రాణం తానే తీసుకుంటుంది. 1959 నాటి ‘విశ్వనాథనాయకుడు’లో తండ్రి నాగమనాయకుడు కృష్ణదేవరాయలకు ఎదురు తిరిగితే, అతన్ని పట్టి తెచ్చే పని కొడుకు నెత్తిన వేసుకుంటాడు. కాలాలు వేరు, ఊళ్ళు వేరు. లోపలి తగువు మాత్రం ఒక్కటే: మనసు లాగే దిక్కు ఒకటి, బాధ్యత పిలిచే దిక్కు ఇంకొకటి. ఆ రెంటి మధ్యా నిలబడి తన మీద తాను తీర్పు చెప్పుకునే మనిషి అంటే సినారెకు మొదటినుంచీ మక్కువ. ఈ తగువును ఇక్కడ గుర్తు పెట్టుకోవాలి. మలి కావ్యాల దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

ఇక 1960ల చివరికి వద్దాం. కుందుర్తి ఆంజనేయులు వచన కవితకు వకాల్తా పుచ్చుకుని ఊరూరా వాదిస్తున్న రోజులు. దిగంబర కవులు వచ్చారు, 1970లో విప్లవ రచయితల సంఘం, విరసం, వచ్చింది. గేయం అంటే పాతకాలపు పన్నీరు అనే మాట బలపడింది. సినారె కూడా వచన కవితలోకి దిగాడు. ‘మంటలూ మానవుడూ’కు 1973లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఇక్కడే రెండు సినారెల సిద్ధాంతం పుట్టింది. కానీ ఆ కాలపు పుస్తకాల అట్టల మీద పేర్లు చదివితే చాలు అనుమానం మొదలవుతుంది. ‘అక్షరాల గవాక్షాలు’, ‘మధ్యతరగతి మందహాసం’, ‘మంటలూ మానవుడూ’, ‘ఉదయం నా హృదయం’, ‘మార్పు నా తీర్పు’. ఇంకా తర్వాత ‘నా రణం మరణంపైనే’. ఛందస్సు వదిలేశానన్న కవి పుస్తకం పేరు పెట్టేటప్పుడు కూడా ప్రాస వదల్లేకపోయాడు. ‘ఉదయం నా హృదయం’ అని ఒకసారి పైకి అని చూడండి. ఉదయం నాలుగు మాత్రలు, హృదయం నాలుగు మాత్రలు, మధ్యలో ‘నా’ అనే రెండు మాత్రల ఇరుసు. అట్ట తెరవకముందే తాళం పడింది. సరదాగా అంటున్నట్టు కనిపించినా ఇది సాక్ష్యమే. కవి జాగ్రత్తపడి రాసేచోట కంటే అలవాటుగా రాసేచోట అతని చెవి బాగా పట్టుబడుతుంది.

‘విశ్వంభర’ 1980లో వచ్చింది. దానికి 1988 జ్ఞానపీఠం దక్కింది. విశ్వనాథ సత్యనారాయణ తర్వాత ఆ గౌరవం పొందిన రెండో తెలుగు రచయిత సినారె. ఈ కావ్యానికి నాయకుడు మానవుడు, రంగస్థలం ఈ విశాలమైన నేల, ప్రకృతి నేపథ్యం అని కవే ముందుమాటలో చెప్పుకున్నాడు. పేర్లతో, తేదీలతో నిమిత్తం లేని మనిషి కథ ఇది. బుద్ధుడు, క్రీస్తు, అశోకుడు, సోక్రటీసు, గాంధీ వంటి వాళ్ళు పేరు చెప్పకుండానే పక్కనుంచి వెళ్తారు. వాళ్ళ కథ తెలిసిన పాఠకుడు ఆనవాలు పట్టుకోవాలి. కళ, విజ్ఞానం, ఆధ్యాత్మికత అనే మూడు దారుల్లో మనిషి పడిన పాట్లు, చేసిన తప్పులు, లేచిన తీరు కావ్యవస్తువు. రూపం వచన కవితే. గణాల లెక్కకు కట్టుబడిన పాదాలు వెతికితే కావ్యమంతా ఒకే తీరున దొరకవు. అయినా ఇది మామూలు వచనంలా చదవడానికి లొంగదు. పాదాలు జంటలుగా లేస్తాయి. ఒక పాదం ప్రశ్నలా ఎత్తుకుంటే తర్వాతి పాదం అదే తూకంలో దిగుతుంది. ముగింపు శబ్దం మళ్ళీ మళ్ళీ వచ్చి కొడుతుంది. ఆవేశం ఉన్నచోట గుత్తులు కురచనవుతాయి, ఆలోచన ఉన్నచోట సాగుతాయి. ఇది ‘కర్పూర వసంతరాయలు’లో మనం చూసిన పనే.

దీన్ని దగ్గరగా చూడటానికి ఒక ఉదాహరణ కల్పించుకుందాం. ఇది సినారె వాక్యం కాదు, విషయం అర్థం కావడానికి నేను కట్టినది. ‘ఏరు పారిన తర్వాత ఊరంతా మారిపోయింది’ అని అంటే అది సమాచారం. ‘ఏరు పారింది, ఊరు మారింది’ అని అంటే సమాచారం అంతే, వినిపించేది వేరు. లెక్క చూడండి: ‘ఏరు’ మూడు, ‘పారింది’ ఐదు, ‘ఊరు’ మూడు, ‘మారింది’ ఐదు. ఎనిమిదికి ఎనిమిది సరిగ్గా తూగాయి. రెండో అక్షరం ‘రు’ రెండు చోట్లా కలిసింది, క్రియలు ఒకే పోలికలో ముగిశాయి. ‘తర్వాత’ అన్న మాట ఎగిరిపోయింది, కార్యకారణ సంబంధాన్ని తూకమే చెప్పేసింది. ఇందులో ఛందోనియమం పాటించాలన్న పట్టుదల ఏదీ లేదు. దీన్ని వచన కవిత అనొచ్చు, ఎవరూ కాదనరు. సినారె మలి కావ్యాల్లో మాట నడిచే పద్ధతి చాలాచోట్ల ఇదే. ఛందస్సు శాస్త్రంగా కనిపించదు, తూకంగా పనిచేస్తుంది. పైగా ఆయన ఈ పని తెలియక చేసినవాడు కాదు. 1962లో ఆయన ఉస్మానియా నుంచి పొందిన డాక్టరేటు విషయమే ఆధునికాంధ్ర కవిత్వంలో సంప్రదాయాలు, ప్రయోగాలు. గేయం ఎక్కడినుంచి వచ్చిందో, వచన కవిత ఎటు పోతోందో ప్రొఫెసరుగా పాఠం చెప్పిన మనిషి.

సంగీతం వినేవాళ్ళకు ఇది ఇంకో రకంగా తెలుసు. ఆదిలాబాద్ జిల్లాకు చెందిన సామల సదాశివ హిందుస్తానీ గాయకుల గురించి జీవితమంతా తెలుగులో రాసి, ‘స్వరలయలు’కు 2011 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. ఆయన వ్యాసాలతో ఆ సంగీతం దగ్గరకు చేరిన తెలుగు శ్రోతలు ఎందరో. వాళ్ళని అడిగితే చెబుతారు: ఆలాపనలో తబలా ఉండదు, తాళపు ఆవృతం ఉండదు, అయినా లయ ఉంటుంది. గాయకుడు ఒక స్వరం మీద ఎంతసేపు నిలుస్తాడు, ఎప్పుడు కదులుతాడు అన్నది లోపల నడిచే ఒక కొలత మీద ఆధారపడి ఉంటుంది. ఆ కొలత లేనివాడి ఆలాపన చెదిరిపోతుంది. తాళం తీసేశారు కాబట్టి లయ పోయిందని సంగీతంలో ఎవరూ అనరు. కవిత్వంలో మాత్రం ఛందస్సు తీసేశారు కాబట్టి పాట పోయిందని తేలిగ్గా అనేస్తాం.

దీనికి మొదటి అభ్యంతరం సినిమా వైపు నుంచి వస్తుంది. సినారె 1962లో ఎన్టీఆర్ ‘గులేబకావళి కథ’తో సినిమా పాటల్లోకి వచ్చారు. ఆ తర్వాత ఆయన రాసిన పాటలు వేలల్లో ఉన్నాయి. చివరి చారిత్రక గేయకావ్యం 1959లో వచ్చింది కనుక, పాట పాడాలన్న ఆయన కోరిక అంతా సినిమా తీసేసుకుంది, కవిత్వం ఆ బరువు నుంచి బయటపడి వచనమైంది అని ఈ వాదం. తెలివైన వాదమే, తేదీలు కూడా కొంత అనుకూలంగా ఉన్నాయి. కానీ 1964లో ‘ఋతుచక్రం’ వచ్చింది, అది గేయకావ్యమే. సినిమాలోకి వెళ్ళాక కూడా ఆయన గేయం రాశారన్నమాట. రెండో సంగతి, సినిమా పాట రాయడమంటే చాలాసార్లు సంగీత దర్శకుడి బాణీకి మాట కూర్చడం. ఆ పని ఏళ్ళ తరబడి చేసేవాడికి మాత్రల పట్టు మరింత గట్టిపడుతుందే గానీ సడలదు. సినిమా ఆయన కవిత్వంలోంచి పాటను తీసుకుపోయిందనే మాటకంటే, ఛందస్సు పేరెత్తకుండా లయను నడిపే నేర్పు ఆయనకు ఇచ్చిందనడం సబబు. ఇది ఊహే కావచ్చు, కానీ ఎదుటి ఊహ కంటే తేదీలకు ఎక్కువ సరిపోతుంది.

రెండో అభ్యంతరం గట్టిది. లయ సంగతి అలా ఉంచండి, ‘కర్పూర వసంతరాయలు’ రాజుల కథ, ‘విశ్వంభర’ మానవజాతి కథ. వస్తువే మారిపోతే ఇద్దరూ ఒకటెలా అవుతారు అని. వస్తువు మారింది, కాదనలేం. అసలు మార్పు అక్కడే ఉంది. అయితే ఇందాక గుర్తు పెట్టుకున్న తగువు ఏమైందో చూడండి. మనసుకూ బాధ్యతకూ మధ్య నలిగిన లకుమ, శాంతిశ్రీ, విశ్వనాథుడు తమ పేర్లు వదిలేసి ‘మానవుడు’ అయ్యారు. విజయపురి, కొండవీడు, విజయనగరం కలిసి ‘విశ్వంభర’ అయ్యాయి. ప్రేమ, నాట్యం, పితృభక్తి అనే ఆకర్షణలు ఇంద్రియాలు, మోహం, అహంకారం అనే పెద్ద మాటలుగా మారాయి. త్యాగం సాధనగా మారింది. తగువు అదే, తీర్పు చెప్పుకునేది తానే. ఒక్కో కథలో చూపించినదాన్ని కథ తీసేసి చూపించారు. సినారె యాత్రలో మలుపు గేయం నుంచి వచనానికి పోయినచోట లేదు. పేరున్న మనిషి నుంచి పేరులేని మనిషికి పోయినచోట ఉంది. పరీక్షల్లో రాయించాల్సింది అది.

పడమటి సంగీతంలో దీనికి దగ్గరి వాదన ఒకటి బీతోవెన్ సింఫనీల చుట్టూ ఉంది. మొదటి సింఫనీ 1800లో, తొమ్మిదోది 1824లో వినిపించారు. తొలివి హైడ్న్, మోజార్ట్ నీడలో రాసినవనీ, మూడోది అయిన ‘ఎరోయికా’ నుంచి కొత్త మనిషి పుట్టాడనీ, తొమ్మిదోదానికి మరో లోకంలోకి వెళ్ళాడనీ చెప్పడం ఆనవాయితీ. ఆయన జీవితాన్ని మూడు దశలుగా కోసి చెప్పే పద్ధతికి 1852లో విల్హెల్మ్ ఫాన్ లెంజ్ రాసిన పుస్తకం బాగా ప్రచారం కల్పించింది. కానీ ఒక చిన్న స్వరాల తునకను పట్టుకుని దాన్నే పెంచి, విరిచి, తిప్పి పెద్ద కట్టడం లేపే పద్ధతి ఆయనలో తొలినుంచీ ఉంది; 1808లో వినిపించిన ఐదో సింఫనీలోని నాలుగు స్వరాల తట్టు అందరికీ తెలిసింది అంతే. మన కవి విషయంలో ఒక తమాషా తేడా ఉంది. ఎనిమిది సింఫనీలు వాద్యాలతోనే నడిపించిన బీతోవెన్ తొమ్మిదోదానిలో మనిషి గొంతును తెచ్చి పాడించాడు. సినారె పాడుతూ మొదలుపెట్టి ‘విశ్వంభర’ నాటికి పాటను తెర వెనక్కి పంపాడు. ఇద్దరూ ఆ మెట్టు మీద మాట్లాడింది మాత్రం మొత్తం మానవజాతి గురించే.

మూడో అభ్యంతరం సినారె అభిమానులకు రుచించనిది. ప్రాస, తూకం, శబ్దం అని మీరు మెచ్చుకుంటున్నదే ఆయన బలహీనత. అర్థం కంటే ముందు చప్పుడు వస్తుంది, పదాలతో గారడీ చేస్తాడు అని చాలామంది అన్నారు. ఈ మాటను పూర్తిగా తోసేయలేం. 1970ల సంపుటాల్లో కొన్ని కవితలు నినాదం దగ్గర మొదలై నినాదం దగ్గరే ఆగిపోతాయి. ప్రాస కుదిరింది కదా అని కవి ఇంకొంచెం లోతుకు తవ్వకుండా లేచిపోయాడనిపిస్తుంది. దీనికి కారణం లయే అనలేం. అదే లయ ‘కర్పూర వసంతరాయలు’లో హాయిగా బరువు మోసింది, ఎందుకంటే అక్కడ లయ కింద ఒక మనిషి ఉంది. లకుమ ఏమవుతుందో అన్న ఆరాటం పాదాన్ని ముందుకు లాగుతుంది. శబ్దం దాన్ని అనుసరిస్తుంది. పేరులేని మానవుడి కావ్యంలో ఆ ఆరాటం తక్కువ. ‘చైతన్యం’ చచ్చిపోతుందేమోనని ఎవరూ భయపడరు. అప్పుడు పాదాన్ని లాగే పని శబ్దం ఒక్కదాని మీదే పడుతుంది, చప్పుడు వినపడటం మొదలవుతుంది. గారడీ అని విమర్శకులు పట్టుకున్నది నిజానికి మనిషి వెళ్ళిపోయిన ఖాళీ. ‘విశ్వంభర’ ఈ ప్రమాదం నుంచి చాలావరకు బయటపడింది. దాని కట్టడం పెద్దది, పేరు చెప్పని వాళ్ళ కథల నీడలు అందులో మనుషుల లోటును కొంత తీరుస్తాయి. ముందొచ్చిన చిన్న సంపుటాలకు ఆ అండ లేదు.

వచనంలోకి వెళ్ళిన కవి అక్కడే స్థిరపడ్డాడా అంటే అదీ లేదు. జ్ఞానపీఠం వచ్చే నాటికి ఆయన తెలుగులో గజళ్ళు రాసి పాడుతున్నారు. గజల్ అంటే అంత్యప్రాసకు, పల్లవిలా తిరిగొచ్చే మాటకు పూర్తిగా కట్టుబడిన రూపం. బడిలో ఉర్దూ చదివిన కుర్రాడికి అది పాత పరిచయం. తర్వాత ‘ప్రపంచపదులు’ వచ్చాయి. ఐదేసి పాదాల్లో ఒక భావాన్ని బిగించే రూపం, ఆయనే అమర్చుకున్నది. సంకెళ్ళు తెంచుకుని బయటపడ్డ కవి అనే కథ నిజమైతే ఈ వెనక్కి రావడానికి సమాధానం ఉండదు. వయసు మళ్ళాక పాత రోజుల మీద మమకారం పుట్టింది అని సర్దుకోవాల్సి వస్తుంది. వెళ్ళనేలేదు అనుకుంటే ఏ సర్దుబాటూ అక్కర్లేదు. పుట్టినరోజు నాటికి కొత్త పుస్తకం తేవడం ఆయన పెట్టుకున్న రివాజు. ఏళ్ళ తరబడి సాగిన ఆ వరసలో గేయం, వచనం, గజల్, ముక్తకం పక్కపక్కనే కూర్చున్నాయి.

ఇక ఏది గొప్పది అంటే నా తీర్పు ఇది. విస్తారంలో, ఆలోచనలో, కట్టడంలో ‘విశ్వంభర’ పెద్దది. జ్ఞానపీఠం సరైన పుస్తకానికే వచ్చింది. కానీ తెలుగు కావ్యంలో ఒక మనిషిని బతికించిన పుస్తకం ‘కర్పూర వసంతరాయలు’. సినారె రాసిన కవిత్వమంతటిలో లకుమ పక్కన నిలబెట్టగలిగిన ఇంకో మనిషి లేదు. గేయకావ్యం కనుక పాతబడింది అని దాన్ని పక్కన పెట్టేవాళ్ళు ఆ నిర్ణయాన్ని మళ్ళీ ఆలోచించుకోవాలి. 2017 జూన్ 12న సినారె కన్నుమూశారు. ఆయన రచనలన్నీ సమగ్ర సాహిత్యం పేరుతో సంపుటాలుగా అచ్చై ఉన్నాయి. గ్రంథాలయంలో దొరికితే రెండు పుస్తకాలూ ఒకేసారి తెచ్చుకోండి. ముందు ‘కర్పూర వసంతరాయలు’ పైకి చదవండి, వెంటనే ‘విశ్వంభర’ కూడా పైకే చదవండి. మౌనంగా చదివితే ఈ వ్యాసంలో చెప్పింది నమ్మాల్సిన పని లేదు.